డ్రమ్ముకు కోసిన డిక్కీ

మా అంబాసిడర్‌కు కొత్త సామాను కొన్న ప్రతిసారీ నాకు ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. కొట్టడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. తయారు చేసినవాడు ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. అమ్మినవాడు ఫోన్లో ఉంటాడు. ఎదురుగా ఉండేది మా టింకరింగ్ భాయ్ ఒక్కడే. అతన్ని కొడితే ఇక సుత్తి పట్టేవాడు ఉండడు. అందుకని పళ్లు కొరుక్కుని అతనికి టీ చెప్పిస్తాను.

ఈ కార్లు తయారు చేయడం మానేసి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు దొరికే సామాన్లన్నీ పాతవాటిని చూసి ఎవరో ఎక్కడో దించిన నకళ్లు. అమ్మేవాళ్లు మాత్రం నకలు అనరు, "జెన్యూన్ డూప్లికేట్ మేడమ్" అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఫోను చెవి దగ్గర నుంచి తీసి దాని ముఖం ఒకసారి చూశాను. తలుపుల చుట్టూ వేసే రబ్బరు బీడింగ్ తెప్పిస్తే జానెడు పొట్టిగా వచ్చింది. సాగదీసి అతికించాం. మొదటి ఎండాకాలానికే మూలల్లో తెగిపోయి, తనకల్లు రోడ్డులో ఉన్న దుమ్మంతా నా చీర మీదికి వచ్చింది. హెడ్‌లైటు చుట్టూ ఉండే మెరుపు చట్రమైతే, అనంతపురం పోతుంటే రాప్తాడు దగ్గర ఊడిపడి, హైవే మీద నాకంటే ముందు దొర్లుకుంటూ పోయింది. బండి ఆపి కొంగు నడుముకు దోపుకుని దాని వెనక పరుగెత్తాను. లారీ వాళ్లు హారన్లు కొట్టి మరీ నవ్వారు. ఇంకోసారి ఒక పెళ్లికి పోయి, కళ్యాణమండపం ముందు దిగుదామని లోపలి పిడి తిప్పితే అది చేతిలోకి ఊడి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతిలో ఆ పిడి పట్టుకుని, ఎవరైనా బయట నుంచి తలుపు తీస్తారేమోనని వచ్చేపోయే వాళ్లందరికీ నమస్కారాలు పెడుతూ కూర్చున్నాను.

మాకు కదిరిలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. నాయన పెట్టిందే. ఆయన పోయాక నేనూ తమ్ముడూ కలిసి నడుపుతున్నాం. తమ్ముడికి ఒక తెల్ల కారు ఉంది. దగ్గరికి పోతే చాలు, అదే అద్దాలు విప్పుకుని పలకరిస్తుంది. అంబాసిడర్ నడిపేది నేను. కాగితాలు మాత్రం వాడి పేరు మీద ఉన్నాయి. పాత బండి కాబట్టి ఐదేళ్లకొకసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, బండి బాగుందని రాయించుకోవాలి. యజమాని సంతకం కావాలి. పోయినేడు ఆ గడువు దగ్గర పడుతుండగా తమ్ముడు అంగట్లోనే, గిరాకీ ముందరే తేల్చి చెప్పాడు.

"అక్కా, ఈసారికి సంతకం పెడతా. పాసైతే నీ ఇష్టం. కాలేదా, నేరుగా గుజరీకి తోలేస్తాం. మళ్లా అడగొద్దు."

గుజరీ అంటే పాత ఇనుము కొనేవాడి అంగడి. ఊరి బయట ఉంది, కార్లను అక్కడ ముక్కలు చేస్తారు.

"సరే" అన్నాను. నోరు నాది, మాట నాది. పాస్ చేయించకపోతే నేను నేనే కాదని మనసులో అనుకున్నాను.

పాస్ కాకపోవడానికి కారణం ఒక్కటే ఉంది, అది డిక్కీ. పాత మూత తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది. తాళం పడదు. రెండు పక్కలా ఇంటి తలుపులకు వేసే గొళ్లేలు బిగించి ఇన్నాళ్లు నెట్టుకొచ్చాం. పోయినసారి చూసిన ఇన్‌స్పెక్టర్ ఆ గొళ్లేలు ఇదే ఆఖరుసారి అని చెప్పే పంపించాడు. కొత్త మూత వేయాలి, దానికి తాళం పడాలి. ఇంతే.

కానీ ఆ డిక్కీ సంగతి ఇక్కడ చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో వానలు వరసగా మొహం చాటేశాయి. బావులు ఎండాయి, బోర్లు ఎండాయి, మా వీధి కొళాయి తిప్పితే గాలి ఈల వేసేది. తనకల్లు రోడ్డులో ఉన్న మా చేను బోరులో మాత్రం వేలెడు లావున ధార వస్తుండేది. దాంతో పంట పండదు. తాగడానికి మాత్రం సరిపోతుంది. ఆ నీళ్లు ఊళ్లోకి ఎట్లా తేవాలి? ఎద్దుల బండ్లు అమ్ముకున్న కాలం అది. నాయన దగ్గర ఉన్నదల్లా కారు ఒక్కటే. ఆ కారును ఆయన రోజూ పసుప్పచ్చ గుడ్డతో తుడిచేవాడు. మేం దానికి ఆనుకుని నిలబడితే కసిరేవాడు. అట్లాంటి మనిషి ఒక రోజు పొద్దున్నే కారు తీసుకుని వెల్డింగ్ షాపుకు పోయాడు. మధ్యాహ్నానికి డిక్కీ కింది అంచును, అదే మూత వచ్చి కూర్చునే గడపను, నడిమధ్యన గుండ్రంగా కోయించి తెచ్చాడు. దూరం నుంచి చూస్తే కారు వెనక భాగాన్ని ఎవరో పుచ్చకాయ ముక్కలా కొరికినట్టుంది.

అమ్మ గుండెలు బాదుకుంది. "ఆయుధపూజకు పసుపు కుంకం పెట్టిన కారుకు కత్తి పెట్టిస్తివే!"

నాయన శనక్కాయ నూనె మిల్లు నుంచి తెచ్చిన ఇనప డ్రమ్మును పడుకోబెట్టి డిక్కీలోకి తోశాడు. దాని గుండ్రటి పొట్ట ఆ కోతలో వచ్చి కూర్చుంది. డ్రమ్ము మూత వైపు కొస కారు బయటికి చేయంత పొడవు పొడుచుకొచ్చింది. పైన నీళ్లు పట్టడానికి రంధ్రం, దానికి గుడ్డ చుట్టిన చెక్క బిరడా. వెనక అంచున కొళాయి. డిక్కీ మూతను తాడుతో పైకి కట్టేశాడు. బరువుకు వెనక భాగం కుంగకుండా రెండు కమాన్ కట్టలు అదనంగా వేయించాడు. మాది పురుగుమందులమ్మే అంగడి కాబట్టి జనం ఆ డ్రమ్మును చూసి జడుసుకుంటారని, దాని పొట్ట మీద తెల్ల రంగుతో తానే పెద్ద అక్షరాలు రాశాడు: తాగే నీళ్లు.

అంగళ్ల వాళ్లు ఆటపట్టించారు. "ఏమప్పా, బంగారట్లాంటి కారును కొరికించి పెడితివి! వెనక్కి చూస్తే నీకు బాధ లేదా?"

"నేను ముందర కూర్చుని తోలేవాణ్ణప్పా. వెనక్కి చూసేది మీరే కదా, మీరే బాధపడండి."

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కారు వీధి మొదట్లో ఆగేది. నేను కొళాయి దగ్గర కూర్చుని తిప్పేదాన్ని. మొదట్లో నీళ్లలో శనక్కాయ నూనె వాసన వచ్చేది, బిందెల్లో పైన సన్నటి మెరుపు తేలేది. "మీ నాయన పుణ్యాన చారులోకి తిరగమోత పని తప్పిందిమ్మా" అని వీధి వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినా ఒక్క చుక్క పారబోసేవాళ్లు కాదు. ఊరంతా పెదవులు పగిలి ఉన్నప్పుడు నా చేతులు మాత్రం మోచేతుల దాకా తడిగా ఉండేవి. నాకు అదంటే ఎంత గర్వమో చెప్పలేను. ఇప్పటికీ ఆ కోత చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఆ తడే.

వానలొచ్చాక కూడా నాయన ఆ కోతను మూయించలేదు. అడిగితే "ఉండనీ, యాడికి పోతాది" అనేవాడు. అమ్మ కూడా అలవాటు పడిపోయింది.

ఇప్పుడు కొత్త మూత సంగతి. అట్టపెట్టెలో, గడ్డి చుట్టి, బెంగళూరు మీదుగా పార్సిల్‌లో వచ్చింది. భాయ్ దాన్ని రెండు చేతులతో ఎత్తి, వేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఇది మూత కాదక్కా, అప్పడం. నూనెలో ఎయ్యాల."

"మాటలు తర్వాత. ముందు పెట్టి చూడు భాయ్."

పెట్టి చూశాడు. మడతబందుల రంధ్రాలు రెండు వేళ్ల దూరం పక్కకు ఉన్నాయి. అవి పూడ్చి కొత్తవి వేశాడు. అప్పుడు ఎడమ పక్క బొటనవేలు దూరేంత సందు, కుడి పక్క మూత ఒంటి మీదికి ఎక్కి కూర్చుంది. కుడి పక్క కొడితే ఎడమ పక్క లేస్తుంది, ఎడమ పక్క కొడితే నడుమ సొట్ట పడుతుంది. భాయ్ మొదట తయారు చేసినవాణ్ణి తిట్టాడు, తర్వాత అమ్మినవాణ్ణి, తర్వాత వాడి దగ్గర కొన్న నన్ను. నేను కూడా సుత్తి పట్టుకున్నాను. ఎంత బాగా కొట్టానో నాకు తెలియదు గానీ మనసుకు మాత్రం హాయిగా ఉండింది. చివరికి ఎట్లాగో నాలుగు పక్కలా ఒదిగింది. మూత దించాం. పైనంతా సరిగ్గా కూర్చుంది. కింద తాళం కొక్కెం మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరక్క, నాయన కోయించిన ఖాళీలో గాలిలో వేలాడుతోంది.

అది ముందే ఊహించాల్సింది. రోజూ ఆ కోతను చూసి చూసి, అది కారుతో పాటే పుట్టిందని అనుకునేంత అలవాటైపోయింది మాకు. తాళం ఎక్కడ పడుతుందో మా ఇద్దరిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

ఫొటో తీసి అమ్మినవాడికి పంపించాను. హైదరాబాదు మనిషి. వెంటనే ఫోన్ చేశాడు.

"డిక్కీ గడప ఎవరో కోసిన్రు మేడమ్. మా మూత కరెక్టే ఉంది. మీ బండే కరెక్ట్ లేదు."

"అట్లనా? మరి పైన మడతబందుల బొక్కలు కూడా మా నాయనే తప్పుగా కొట్టినాడా?"

"నెట్‌వర్క్ ప్రాబ్లమ్ ఉంది మేడమ్" అని పెట్టేశాడు.

మీ బండే కరెక్ట్ లేదు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కారును కళ్లతో కూడా చూడనివాడు, అప్పడాన్ని మూత అని అమ్మినవాడు, మా బండిలో తప్పు పట్టాడు. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఇంకా కోపం వచ్చిందేమిటంటే, తెల్లవారేసరికి మా వాళ్లు కూడా వాడి పక్షానే చేరారు.

"వాడు చెప్పింది నిజమే కదక్కా" అన్నాడు తమ్ముడు. "ఆ కోతలో రేకు పెట్టి వెల్డింగ్ చేయిస్తే ముందు మాదిరి అయితాది. తాళం పడతాది, పాసైతాది. కారు నీకే ఉంటాది. ఇంకేమి కావాల?"

"సగం పూట పని అక్కా" అన్నాడు భాయ్. "రేకు కూడా కోసి పెట్టినా."

"మూసేస్తే మళ్లా డ్రమ్ము యాడ పెట్టేది?"

తమ్ముడు నన్ను వింతగా చూశాడు. "ఇప్పుడు డ్రమ్ము ఏమిటికక్కా? ఇంటింటికీ కొళాయి ఉండాది."

"కొళాయి ఉండాది. నీళ్లు యాడుండాయి? పోయిన ఎండాకాలం ట్యాంకరు కోసం వీధిలో ఎవరెవరితో కొట్లాడితివో నేను చూడలేదా? కరువు పోయిందని నీకు ఎవరన్నా కాగితం రాసిచ్చినారా?"

"ట్యాంకర్లు ఉండంగా నీ డ్రమ్ము ఎవరిక్కావాలక్కా?"

"ట్యాంకరు మన వీధికి రాని దినం అడుగు, చెప్తా."

వాడు తల కొట్టుకుని అంగడి లోపలికి పోయాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు, నాకూ తెలుసు. పాస్ కాకపోతే మొత్తం కారే పోతుంది. కోత మీద పంతంతో కారు పోగొట్టుకుంటే నన్ను మించిన తెలివితక్కువది ఉండదు. అయినా ఆ కోత మూసిన కారు నాకెందుకు? నలుగురూ ఫొటోలు తీసుకోవడానికా? పుట్టపర్తిలో ఒకసారి ఒకాయన ఫొటో తీస్తూ, వెనక భాగం బాగాలేదు, ముందు నుంచి తీస్తానన్నాడు. నేను బండి ఎక్కి వెనక్కి పోనిచ్చి, వెనక భాగమే ఆయన ముందుకు తెచ్చి ఆపాను.

మరుసటి రోజు అంగడి వెనక గోదాములోకి పోయాను. నాయన డ్రమ్ము అక్కడే ఉంది. అందులో వేపపిండి పోసుకుంటున్నాం. పిండంతా గోతాల్లోకి ఎత్తి, డ్రమ్మును పడుకోబెట్టి, దొర్లించుకుంటూ భాయ్ షెడ్డుకు బయలుదేరాను. మధ్యలో రెండు వీధులు. సిమెంటు రోడ్డు మీద అది చేసే చప్పుడుకు అంగళ్ల వాళ్లంతా బయటికి వచ్చారు. "ఏమక్కా, ఈ వయసులో ఇదేమి ఆట?" అని ఒకాయన అడిగాడు. "కొత్త సామాను తెప్పించినా" అని చెప్పాను.

ఆ కోత ఎందుకు మూయకూడదో భాయ్‌కి చూపిద్దామనే నా ఉద్దేశం. ఇద్దరం కలిసి డ్రమ్మును ఎత్తి డిక్కీలోకి తోశాం. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ఆ కోతలో అట్లే కూర్చుంది. భాయ్ రెండు చేతులతో ఊపి చూశాడు. కదలలేదు.

"సూడు భాయ్. ఒక సుత్తి దెబ్బ అయినా పడిందా?"

"లేదక్కా" అన్నాడు. తర్వాత వంగి డ్రమ్ము లోపల చూశాడు. అడుగు తుప్పు తినేసి చేయి పట్టేంత బొక్క పడింది. "అయితే ఇది ఇంక నీళ్లకు పనికిరాదక్కా. పొట్ట రేకు మాత్రం బలే ఉండాది. ఇప్పుడు ఇట్లాంటి రేకు దొరకదు."

అతను ఆ పొట్టను తట్టాడు. మూత తట్టినప్పుడు వచ్చిన అప్పడం చప్పుడు కాదది, గుడి గంట కొట్టి చేత్తో ఆపినట్టు నిండుగా ఉంది. నేను డ్రమ్మును చూశాను, వేలాడుతున్న కొక్కేన్ని చూశాను. అప్పుడు తట్టింది.

"భాయ్, కోతను మూయొద్దు. మూతనే కిందికి పెంచు. డ్రమ్ము చుట్టూ సుద్దముక్కతో గీసుకో. ఆ గుండ్రంలో సరిపోయే నాలుక మాదిరి రేకు కోసి మూతకు అతుకు. దాని కొనకు తాళం పెట్టు. మూత దించితే కోత మూసుకుంటాది. ఎత్తితే మళ్లా ఖాళీ అయితాది."

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "అయితాది. రేకు యాడిది తెచ్చేది?"

నేను డ్రమ్ము మీద చెయ్యి వేశాను.

"మీ నాయన డ్రమ్మును కొయ్యమంటావా అక్కా?"

"మా నాయన కారును కొయ్యలేదా?"

అతను గ్యాస్ మంట వెలిగించాడు. ఎంత ధైర్యంగా చెప్పానో ఆ ధైర్యమంతా మంట రేకుకు తగలగానే జారిపోయింది. ఆ వాసనలో శనక్కాయ నూనె ఏమీ లేదు, ఉండదు కూడా, అయినా ఉందేమోనని ముక్కు పెట్టి చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మంటను చూడకూడదక్కా అని భాయ్ తన నల్ల అద్దాలు తీసి నాకిచ్చాడు. పెట్టుకున్నాను, ఎవరికీ కనిపించకుండా ఏడవడానికి బాగానే పనికొచ్చాయి.

తాగే నీళ్లు అన్న అక్షరాలు ఉన్న చోటే రేకు కోయమన్నాను. అవి లోపలి వైపుకు వచ్చేటట్టు తిప్పి అతికించాం. బయట రంగు వేశాం, లోపల ముట్టుకోలేదు. మూత దించితే టప్పుమని తాళం పడింది.

తనిఖీ రోజు తమ్ముడూ వచ్చాడు, కాగితాలు వాడివి కాబట్టి. ఎండలో వరస కట్టిన ఆటోల మధ్య మా కారు నిలబడింది. ఇన్‌స్పెక్టర్ చిన్న వయసాయన. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు. వెనక్కి వచ్చి డిక్కీ మూత దించాడు, ఎత్తాడు, మళ్లీ దించి గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు. నా గుండె మాత్రం ఊడి కాళ్ల దగ్గర పడింది. మళ్లీ ఎత్తి, తల పక్కకు వంచి, తలకిందులుగా ఉన్న అక్షరాలు చదివాడు.

"ఈ ముక్క కంపెనీది కాదే?"

"కంపెనీది మాదిరి ఉండేది తెప్పించినాం సార్, సరిపోలేదు" అన్నాను. "అందుకే మాది వేసుకున్నాం."

"తాగే నీళ్లు ఏంది?"

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు ముందుకు వచ్చాడు. "మా నాయన నీళ్లు తోలిన డ్రమ్ము సార్ అది. కరువులో. ఈ కారులోనే." అప్పట్లో వాడు చాలా చిన్నవాడు, నా పక్కనే కూర్చుని బిందెలు జరిపేవాడు. వాడికది గుర్తుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇన్‌స్పెక్టర్ మూత దించి, ఇంకోసారి లాగి చూసి, కాగితం మీద సంతకం పెట్టాడు.

రెండు రోజుల తర్వాత అంగడి ముందు కారు ఆపి ఉంచాను. తమ్ముడు గోదాము వైపు నుంచి కొత్తగా కొన్న ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. ఏమిటని అడిగితే, "గమ్మునుండక్కా" అన్నాడు. మూత ఎత్తి, డ్రమ్మును పడుకోబెట్టి లోపలికి తోశాడు. అది నాయన కోయించిన కోతలో వచ్చి కూర్చుంది. తమ్ముడు రెండు చేతులతో ఊపాడు, కదలలేదు. ఇన్నేళ్లలో ఈ కారు కోసం కొన్నవాటన్నిటిలో, సుత్తి దెబ్బ తినకుండా సరిపోయింది ఆ డ్రమ్ము ఒక్కటే.